కాంటను రేవున బేరపుటింగ్లీషు

వ్యాపారశబ్దమునకు శాస్త్రమునం దొక యర్థమును లోకమునం దొక యర్థమును గలవు. ధాతువునకు ఫలమును వ్యాపారమును అర్థములని వైయాకరణులు చెప్పుదురు. అచ్చట వ్యాపారమనఁగా క్రియ, ఫలమును బుట్టించు చేష్ట. తెలుఁగునాఁట నంగడివీథిలో వ్యాపారమనఁగా క్రయవిక్రయములు మాత్రమే. చేష్టను దెలుపు మాట బేరమునందు రూఢి యగుట సంస్కృతపదములకు మాత్రమే పట్టిన గతి కాదు. ఇంగ్లీషున బిజినెస్ అను మాటయు నిట్టిదే. బిజీ యనఁగాఁ బనిలో మునిఁగినవాఁడు, బిజినెస్ అనఁగాఁ దొలుత నట్టివాని స్థితి, పిదప నతని పని, తుదకు వర్తకము. ఈ మాట తన దేశమును విడిచి, తూర్పు సముద్రములు దాఁటి, చైనాదేశమున కాంటను రేవు చేరి, అచ్చటి యంగళ్లలో 'పిజిన్' అయ్యెను. ఇంగ్లీషువారితో బేరమాడుటకై యారేవున నేర్పడిన భాషకుఁ బిజినింగ్లీషు, అనఁగా బేరపుటింగ్లీషు, అను పేరు కలిగెను. పిజిన్ అను మాటకు వేఱు వ్యుత్పత్తులు చెప్పినవారును గలరు గాని బిజినెస్ శబ్దమే మూలమని కోశకారులలోఁ బెక్కండ్ర మతము. అక్షరపరిణామమును దీనికే యనుకూలించుచున్నది: కాంటనువారి పలుకుబడిలో మొదటి బకారము పకారమాయెను, తుది సకారము లోపించెను, నడిమి యక్షరములు దగ్గఱపడెను. నేఁడు భాషాశాస్త్రజ్ఞులు రెండుజాతుల నడుమ నవసరముకొలఁది పుట్టు సంకరభాష కెల్ల నీపేరే సామాన్యనామముగా వాడుచున్నారు. ఒక రేవులోని యంగడిమాట శాస్త్రమునఁ బరిభాష యగుట వింతయే.

ఆ భాషను నేర్చినవా రెవరు, ఎట్లు నేర్చిరి, నేర్చి యేమి గడించిరి, ఏమి పోఁగొట్టుకొనిరి యను నంశము లిచ్చట విచారింపఁబడును.

పోర్చుగీసువారు 1557 ప్రాంతమున మకావునందు స్థిరనివాస మేర్పఱచుకొనిరి. అందుచేఁ జైనా దక్షిణతీరమున విదేశీయులతోడి బేరమునకు మొదట నక్కఱకు వచ్చినవి పోర్చుగీసు మాటలే. 1637లో జాన్ వెడ్డెల్ అను నాంగ్లనావికుఁడు కాంటను నదిలోఁ బ్రవేశించినప్పుడును ఉభయపక్షములకు నడుమ సంభాషణము పోర్చుగీసు మూలముననే జరిగెను. 1699 మొదలుకొని యీస్టిండియా కంపెనీవారి యోడలు కాంటనునకుఁ గ్రమముగా వచ్చుచుండెను. పదునెనిమిదవ శతాబ్దమునఁ బోర్చుగీసు వెనుకఁబడి యింగ్లీషు ముందునకు వచ్చెను. అయినను ఇల్లు మాఱినపుడు పాతసామానులు కొన్ని వెంటవచ్చినట్లు పోర్చుగీసు మాటలు కొన్ని యీక్రొత్త భాషలో నిలిచిపోయినవి. దేవునికి జాస్ అనియు, తెలియుటకు సావీ యనియు, సరకులు కొని పెట్టు గుమాస్తాకుఁ గంప్రదోరు అనియు వాడుక యగుట కిదియే కారణము.

చైనావా రింగ్లీషు నేర్చుకొనుటకన్న నింగ్లీషువారే చైనాభాష నేర్చుకొనవచ్చును గదా యని చదువరులకుఁ దోఁపవచ్చును. నేర్చుకొనినవాఁ డొకఁడు లేకపోలేదు. జేమ్సు ఫ్లింటు అను కంపెనీ యుద్యోగి చిన్ననాఁటనుండి చైనాలో నుండి యాభాష నభ్యసించెను. 1757లో ఛియెన్‌లుంగ్ చక్రవర్తి పాశ్చాత్యుల వర్తకమును గాంటను రేవొక్కదానికే పరిమితము చేసెను. కాంటను సుంకపుటధికారుల బాధలను దెలుపుచు నొక విన్నపమును జైనాభాషలో వ్రాయించుకొని ఫ్లింటు 1759లో నుత్తరమునకు ఓడమీఁదఁ బోయి తియెన్‌త్సిన్ రేవునందలి యధికారుల మూలమునఁ జక్రవర్తికి నందఁజేసెను. విన్నపము విచారింపఁబడెను, సుంకపుటధికారి శిక్షితుఁడయ్యెను. ఫ్లింటును నిషిద్ధమైన రేవులకుఁ బోయెనని మకావులో మూఁడేండ్లు చెఱయందుంచి దేశమునుండి వెడలఁగొట్టిరి. ఆ విన్నపమును వ్రాసియిచ్చిన చైనావానికి మాత్రము తల పోయెను. భాష యెఱిఁగిన విదేశీయునికిఁ జెఱ. అతని కక్షరములు వ్రాసిపెట్టిన స్వదేశీయునికి మరణము. ఇట్టి శిక్షను జూచిన పిదప విదేశీయులకుఁ జైనాభాష నేర్పుటకు సాహసించువారు మిక్కిలి యరుదైరి. 1807లోఁ గాంటను చేరిన రాబర్టు మారిసను, 1815 మొదలు 1823 వఱకు చైనాభాషకు గొప్ప నిఘంటువును బ్రకటించిన పండితుఁడు, ఱహస్యముగానే గురువులను సంపాదించుకొనవలసివచ్చెను. వారిలో నొకఁడు పట్టువడినచోఁ బ్రాణము విడుచుటకై విషమును వెంట నుంచుకొనుచుండెనని చెప్పుదురు. విద్యాదాన మింత యపాయకరమైన కాలము చరిత్రలోఁ దఱచుగాఁ గనఁబడదు.

ఇట్లు చైనాభాషాద్వారము మూయఁబడుటచే బేరము రెండవ ద్వారముననే నడవవలసివచ్చెను. నగరప్రాకారమునకు వెలుపల, నదియొడ్డున, విదేశీయుల కొఱకుఁ గట్టిన కొఠీల వరుస యొకటి యుండెను. వర్తకపు ఋతువు గడచినతోడనే వారు కాంటను విడిచి మకావునకుఁ బోవలయును. వారు బేరము చేయవలసినది హాంగ్ వర్తకులనఁబడు కొలఁదిమంది పట్టాదారులతో మాత్రమే. కొఠీలలోని సరకులు, వంట, నౌకరులు, డబ్బు పెట్టె, ఇవి యన్నియుఁ గంప్రదోరుల చేతిలోనివి. సుంకపు కాగితములు నడపుటకు ద్విభాషు లనఁబడువారు వేఱుగా నుండిరి. ఈద్విభాషులకుఁ దమ భాష తప్ప మఱియొకటి రాకపోవుటచేతనే వారికా పేరు వచ్చెనని విలియము హంటరు అను నమెరికను వర్తకుఁడు పరిహాసముగా వ్రాసెను. ఈహంటరు 1825లోఁ గాంటనునకు వచ్చి మలక్కాలోఁ జైనాభాష నభ్యసించి చిరకాలము వర్తకము చేసినవాఁడు. 1882లో నితఁడు ప్రకటించిన జ్ఞాపకములు నాఁటి కాంటను జీవితమునకు ముఖ్యాధారము.

ఆభాషయందలి పదముల పుట్టువు చూచినచోఁ దెలుఁగువారికిఁ గొంత యాశ్చర్యము కలుగును. కాంటనునకు వచ్చు నోడలు చెన్నపట్టణము, కలకత్తా, బొంబాయి రేవులను దాఁకి వచ్చునవి యగుటచే నిచ్చటి యంగడిమాటలును వాని వెంటఁ బోయెను. సరకులుంచు కొట్టును గొడౌన్ అనిరి. ఇది మలయా ద్వీపములయందలి గుదాంగ్ శబ్దమునుండి వచ్చినదనియు, దానికిఁ దెలుఁగు గిడ్డంగియో తమిళ కిడంగో మూలమైయుండుననియు యూలు, బర్నెల్ అనువారు 1886 నాఁటి తమ కోశమునఁ జర్చించిరి. నడుమఁ జదరపు రంధ్రముగల చైనా రాగినాణెమును గ్యాష్ అనిరి. ఇది యిచ్చటి కాసు, దానికి సంస్కృతమునఁ గర్షము. రాజోద్యోగికి మాండరిన్ అను పేరు మంత్రిశబ్దభవము. మలయాలో మంతెరియై, పోర్చుగీసు నోటఁ బడి యీరూపము దాల్చెను. చైనావారికి మాత్ర మాపేరు తెలియనే తెలియదు. చీటికిఁ జిట్ అనియు, కూలివానికిఁ గూలీ యనియు వాడుక. వీనిలో మిక్కిలి విస్తరించినది చాప్ అను మాట. ఇది హిందూస్థానీలోని ఛాప్, అనఁగా ముద్ర. కాంటనులో ముద్రకుఁ జాప్, ముద్ర వేసిన యనుమతిపత్రమునకుఁ జాప్, ఓడ రేవు విడుచుట కిచ్చు పెద్దపత్రమునకు గ్రాండ్ చాప్, ఒకే గుఱుతు గల టీపెట్టెల మొత్తమునకుఁ జాప్. తుదకు మేలైన సరకు ఫస్ట్ చాప్. ముద్రనుండి గుణమునకు లక్షణచే నర్థము పాఁకినది. మొదటి తరగతిదని చెప్పుటకు ఫస్ట్ చాప్ అని లండను నగరమునందలి యింగ్లీషువారును వాడిరి. వారు తమ భాషయం దొక క్రొత్త నుడికారము చేరెననుకొనిరే గాని యది యుత్తరహిందూస్థానమునఁ బుట్టి కాంటనులోఁ బెరిగిన బిడ్డ యని యెఱుఁగరు.

ఇఁక నేర్చుకొను పద్ధతి. కాంటను పుస్తకపుటంగళ్లలో నొకటి రెండు పెన్నీల వెలకుఁ జిన్న పొత్తము లమ్ముచుండిరి. ఎఱ్ఱజుట్టువారి మాటలనియో దయ్యపుమాటలనియో వానికిఁ బేరు, ఎఱ్ఱజుట్టువారనఁగాఁ బాశ్చాత్యులు. హంటరు చూచిన దాని యట్టమీఁద మూఁడుకోణముల టోపియు, పొడవుకోటును, మేజోళ్లును, చేత బెత్తమును గల దొర బొమ్మ యుండెను. అందొక్క ఱోమకలిపి యక్షరమైనను లేదు. చైనా మాట పైనను, దానికి సరియైన యింగ్లీషు మాట యుచ్చారణమును దెలుపు చైనా యక్షరములు క్రిందను వ్రాయఁబడెను. సంఖ్యలు, మనుష్యులును మర్యాదమాటలును, వాడుక పదములు, తినుబండములు అని నాలుగు భాగములుగా నున్న యొకానొక ప్రతిలోని పదములన్నియు నాలుగువందలకు లోపే. ఇంతమాత్రపు ధనముతోఁ గొలువులోఁ జేరి గిడ్డంగులు నడపిరి, లక్షల బేరములు కుదిర్చిరి.

చైనాలిపి యక్షరమాల కాదు. ఒక్కొక్క గుఱుతునకు ధ్వనియు నర్థమును గూడ నున్నవి. ధ్వని కొఱకు వాడినను అర్థము వదలిపోదు. అందువలన నా పొత్తములోని యంకెలు చూడఁదగినవి. ఒకటికి వన్ అనుటకు 'వన్' ధ్వని గల గుఱుతు కుదిరెను. రెంటికిఁ 'దూ' అనుటకు 'తౌ' అను గుఱుతు. మూఁటికి థ్రీ యనవలయును. కాంటనువారి భాషలో థకారమును లేదు, రేఫమును లేదు, సంయుక్తాక్షరమును లేదు. కాఁబట్టి దానిని విఱచి 'తెయ్-లెయ్' అను రెండు గుఱుతులు వ్రాసిరి. ఆ రెండును జేరినచోఁ జైనాభాషలో భూగోళశాస్త్రమని యర్థము. అయిదునకు ఫైవ్ అనుటలో వకారము నిలువక 'ఫాయ్' మిగిలెను. ఆఱునకు 'సిక్-సి'. ఏడునకు సెవెన్ అనుటకు బదులు 'సమ్' అను గుఱుతు వ్రాసిరి. దాని కర్థము హృదయము. చదువుకొనువాఁడు మూఁడనుటకు భూగోళమును, ఏడనుటకు హృదయమును జ్ఞప్తికిఁ దెచ్చుకొనవలయును! నవ్వు పుట్టించునదే గాని, వేగముగా మనసునకుఁ బట్టించుటకు దీనికన్న మంచి యుపాయము లేదేమో. వేదపాఠకులు చేతివ్రేళ్ల కణుపులమీఁద స్వరములు గుఱుతుంచుకొనుటయు నిట్టి యవసరమున నేర్పడినదే గదా.

ఉచ్చారణమునఁ గలిగిన మార్పులకు నియమము లేదని యప్పటి యింగ్లీషువారు తలఁచిరి. అది పొరపాటు. కాంటనుభాషలో మాట అచ్చుతోనైన, అనునాసికముతోనైన, సగము పలికిన కచటతపవర్గములయందలి క, త, ప లలో నొకదానితోనైన ముగియవలయును. సకార చకారములు తుదిని నిలువవు. కాఁబట్టి పీస్ అను మాట పీసీ యాయెను. క్యాచ్ అనునది క్యాచీ యాయెను. ఆ యలవాటు బలిసి వాక్ అనుటయు వాకీ యాయెను. తెలుఁగు అజంతభాష యగుటచే రోడ్ అనునది రోడ్డును, కోర్ట్ అనునది కోర్టును, బెంచ్ అనునది బెంచియు నైనవి. కాంటనువా రికారమును జేర్చిరి, తెలుఁగువారు సాధారణముగా నుకారమును, చకారము తరువాత నికారమును జేర్చిరి, భేద మంతియే. రేఫము లేని కారణమునఁ బాత స్నేహితుఁడనుటకు ఓల్డ్ ఫ్రెండ్ అను మాటలు 'ఓలో ఫ్లెన్' అయ్యెను. తన పిల్లవాఁడు ఇస్కూలు అనినపుడు నవ్వుకొను పండితుఁడు వీరిని జూచి నవ్వరాదు.

వాక్యరచనయు నిట్లే తల్లిభాష ననుసరించెను. చైనాభాషలో సంఖ్య నేరుగా నామమునకు ముందు రాదు. నడుమ నొక పరిమాణపదము రావలయును. అందుచే నొక మనుష్యుఁ డనుటకు 'వన్ పీసీ మ్యాన్' అనిరి. నలుగురు, పదిమంది యని మనుష్యులకు వేఱు సంఖ్యారూపములు వాడు తెలుఁగువారి కీ యవసరము కొంత బోధపడును. కాలభేదమునకు క్రియారూపములు లేవు. నేను, నాయొక్క యను రెంటికిని మై యనునదొక్కటే. కలదు, అగును అనువానికి బిలాంగ్ అను మాట. పని యెట్టిదైనను పిజిన్. దేవపూజ జాస్-పిజిన్; పూజారి జాస్-పిజిన్-మ్యాన్. అది నా పని కాదనుటకు నా పిజిన్ కాదని చెప్పుదురు. ఇందుఁ బిజిన్ శబ్దము వర్తకమును విడిచి మరల వ్యాపారశబ్దము శాస్త్రమునం దున్నచోటికే, చేష్టామాత్రమునకే, తిరిగిపోయెను.

నుడికారము లనఁబడునవి కొన్ని. మేలైనదానికి నంబర్ వన్. ఒప్పుకొందువా యనుటకుఁ గ్యాన్ డూ. కుదరదనుటకు నో క్యాన్ డూ. త్వరగా ననుటకుఁ జాప్-చాప్. పోయి చూచి రమ్మనుటకు లుక్-సీ. మామూలునకుఁ గంషా, ఇది యమోయ్ రేవువారి కృతజ్ఞతావచనము, బహుమానమునకు రూఢి యయ్యెను. నడుమనున్న ప్రతివాఁడును దన వంతు పిండుకొనుటకు స్క్వీజ్, అనఁగాఁ బిండుట; ఇది యింగ్లీషుమాటయే గాని యీయర్థ మిచ్చటిది. ఇంగ్లండునుండి క్రొత్తగా వచ్చిన గుమాస్తా వీనిని విని తెల్లముఖము వేయుచుండెను. తన భాషయే తనకు రాక యతఁడును గొన్నినెలలు శిష్యుఁడుగా నుండవలసివచ్చెను. గురువు కంప్రదోరు.

ఈభాష యల్పమని తలంచువారు హౌక్వా యనఁబడు హాంగ్ వర్తకుని కథ వినవలయును. 1769లో జన్మించి 1843లో మృతినొందిన యీతఁడు తనకాలమున ధనికులలో నగ్రగణ్యుఁడు. 1834లో నతని యాస్తి రెండుకోట్ల యఱువదిలక్షల డాలర్లని లెక్కగట్టిరి. అమెరికను వర్తకుఁ డొకఁడు వ్యాపారము చెడి యతనికి 72,000 డాలర్లు బాకీపడి స్వదేశమునకుఁ బోలేక యుండఁగా, హౌక్వా యా పత్రమును దెప్పించి, నీవు నాకు మంచి పాతస్నేహితుఁడవు, నిజాయితీగలవాఁడవు, అదృష్టము మాత్రము లేదు అను భావము నీ బేరపుటింగ్లీషుననే పలికి, పత్రమును జింపి బుట్టలో వేసెనని హంటరు వ్రాసెను. అందు విభక్తి లేదు, కాలము లేదు, ప్రత్యయము లేదు. అర్థమున కేలోపమును లేదు.

అయినను ఈభాష నేర్చినవారికి గౌరవము కలుగలేదు. చైనా పండితులు వారిని హేయముగాఁ జూచిరి. ఫెంగ్ గుయిఫెన్ అను పండితుఁడు 1861లో వ్రాసిన రాజనీతివ్యాసములలోఁ, బాశ్చాత్యులతోడి వ్యవహారమెల్ల సరకుల పేళ్లును ధరలును మాత్రమే యెఱిఁగిన యీద్విభాషుల చేతిలోఁ బడియున్నదని వగచి, యోగ్యులగు బాలురకు భాషలను శాస్త్రములను నేర్పు పాఠశాలలు పెట్టవలెనని కోరెను. అతని వగపునకుఁ దగిన కారణము లేకపోలేదు. నల్లమందు యుద్ధమున కవసానముగా 1842లో జరిగిన నాంకింగు సంధిచే నైదు రేవులు తెఱవఁబడెను. హాంగ్ వర్తకుల హక్కు రద్దయ్యెను. 1858 నాఁటి తియెన్‌త్సిన్ సంధిలోనో, ఆంగ్లప్రభుత్వపు లేఖలన్నియు నింగ్లీషున నుండుననియు, ప్రస్తుతమునకుఁ జైనా ప్రతి జతచేయఁబడుననియు, భేదము వచ్చినప్పు డింగ్లీషు పాఠమే ప్రమాణమనియు నియమము చేరెను. ఒక సామ్రాజ్యము తాను వ్రాలుచేసిన పత్రమునకుఁ దాను అర్థము చెప్పుకొనలేని స్థితి యేర్పడెను. 'నంబర్ వన్', 'క్యాన్ డూ' అను మాటలతో సంధిపత్రమునకు వ్యాఖ్యానము సాగదు గదా. 1862లోఁ బెకింగులోను, 1863లో షాంఘాయిలోను రాజకీయభాషాపాఠశాలలు వెలసినవి. అయితే పండితులు చేసిన దోషమొకటి చెప్పక తప్పదు. నూఱేండ్లు ఆభాషను బేరగాండ్రకు వదలిపెట్టి, తుదకు బేరగాండ్రకుఁ గావ్యభాష రాలేదని నిందించుట న్యాయము కాదు.

ఈలోపుగానే మకావులో నొక చిన్న పాఠశాల వేఱొక మార్గమును ద్రొక్కెను. 1834లో మృతినొందిన రాబర్టు మారిసను జ్ఞాపకార్థ మేర్పడిన సంఘమువారు 1839లో దానిని బెట్టిరి. 1842లో నది హాంకాంగునకు మాఱెను. ఉపాధ్యాయుఁడు అమెరికాదేశపు శామ్యూలు బ్రౌను. తెలుఁగు నిఘంటువును రచించిన బ్రౌను వేఱు, ఇతఁడు వేఱు. సగము దినము చైనావిద్య, సగము దినము ఇంగ్లీషు. తిండియు బసయు నుచితము. తలిదండ్రులకు మొదట ననుమానమే కలిగెను: ఊరక యన్నముపెట్టి చదువు చెప్పువాఁ డెవఁడుండును? ఇంగ్లీషు కొంచెము నోటఁ బట్టినతోడనే యంగడిలోఁ గొలువు దొరకునని పిల్లలను గొనిపోవువారును గలరు. అట్లు గొనిపోఁబడక నిలిచిన వారిలో నిద్దఱు చరిత్రకెక్కిరి. ఇద్దఱును మకావునకు సమీపమునందలి గ్రామములవారే.

మొదటివాఁడు తాంగ్ టింగ్‌షూ (1832-1892). ఇతఁడు హాంకాంగు న్యాయస్థానమున ద్విభాషియై, షాంఘాయి సుంకపు కచ్చేరీలోఁ బనిచేసి, 1863లో జార్డిన్ మాథిసన్ అను గొప్ప కొఠీకిఁ గంప్రదోరయ్యెను. 1873లోఁ జైనావారి పొగయోడల సంఘమునకు నిర్వాహకుఁడయ్యెను. 1862లో నితఁడు కాంటనులో నాఱు సంపుటముల ఇంగ్లీషు బోధినిని బ్రకటించెను. పెన్నీ పొత్తములోని పదములు నాలుగువందలకు లోపు. ఇతని గ్రంథము వేలకొలఁది పదములను, వాక్యములను, వర్తకులకు విదేశీయులతో జరుగు సంభాషణములను గలది. ఉచ్చారణమును జైనా గుఱుతులతోనే తెలిపెను గాని వాని నెంతయో శ్రద్ధతో నెంచెను. కొన్నిచోట్ల శుద్ధమైన యింగ్లీషువాక్యమునకుఁ బ్రక్కఁ గాంటను వాడుక రూపమును గూడఁ జూపెను. ఇది మంచి వైయాకరణుని లక్షణము. గోశబ్దమునకు గావీ, గోణీ మొదలగు నపభ్రంశములను మహాభాష్యకారుఁడు పేర్కొనకుండినచో నాకాలపు జనుల నోట నేమి యుండెనో నేఁటివారి కెట్లు తెలియును? తెలుఁగున బ్రౌను దొర 1854లో మిశ్రభాషానిఘంటువును బ్రకటించి కచ్చేరీల తెలుఁగును రక్షించినట్లే, తాంగ్ కూడ శుద్ధరూపమును బోధించుచునే యంగడిమాటను దొలఁగింపక నిలిపెను. తాను నేర్చిన భాషను దాఁచుకొని లాభముపొందఁగల స్థానమం దుండియు దానిని అచ్చువేయించి యందఱ కిచ్చుట కొలఁదిమంది చేయు పని.

రెండవవాఁడు యుంగ్ వింగ్ (1828-1912). బ్రౌను స్వదేశమునకుఁ బోవుచుఁ దనవెంటఁ గొనిపోయిన మువ్వురు బాలురలో నొకఁడు. 1847 జనవరిలోఁ దేయాకు మోయు నోడ నెక్కి యేప్రిలులో న్యూయార్కు చేరెను. మాసచూసెట్సులోని మాన్సను పాఠశాలలోఁ జదివి 1850లో యేలు కళాశాలఁ బ్రవేశించెను. మతబోధకుఁడగుదునని మాటయిచ్చినచో ధనసహాయము చేయుదుమనఁగా నతఁ డంగీకరింపక, విద్యార్థుల భోజనశాల పనులు చూచియు, గ్రంథాలయమునఁ బనిచేసియు, దాతల సాయముననుఁ జదువు సాగించెను. గణితము కొఱుకుడుపడక పోయినను ఇంగ్లీషురచనలో రెండుమాఱులు బహుమానము పొందెను. 1854లోఁ బట్టభద్రుఁడయ్యెను, అమెరికాలో నట్టి పట్టమందిన చైనావారిలో నతఁడే ప్రథముఁడు.

తిరుగుప్రయాణమున జరిగినదానిని 1909 నాఁటి స్వచరిత్రమున నతఁడే చెప్పుకొనెను. ఓడ హాంకాంగు దరి చేరుచుండఁగాఁ జైనా మార్గదర్శి యొకఁడు పైకెక్కెను. సమీపమున ఱాళ్లును దిబ్బలును గలవేమో యడుగుమని కప్తాను యుంగ్ వింగ్‌తో ననెను. అతనికి ఱాయి యనుటకుఁ జైనామాట జ్ఞప్తికి రాలేదు. ఇంగ్లీషు కొంత యెఱిఁగిన యామార్గదర్శియే యామాట నందిచ్చెను. చైనావానికిఁ జైనాభాష రాదని కప్తానును దోడివారును నవ్విరి. బేరపుటింగ్లీషు నేర్చినవాఁడు తన భాషను గోలుపోలేదు; కావ్యపుటింగ్లీషు నేర్చినవాఁడు గోలుపోయెను. అతఁడు తరువాతఁ గాంటనులో నాఱుమాసములు కూర్చుండి తన తల్లిభాషను మరల నభ్యసింపవలసివచ్చెను.

షాంఘాయి సుంకపు కచ్చేరీలో నెలకు 75 తేల్‌ల జీతమునకుఁ జేరి, అచ్చటి ద్విభాషుల లంచములను జూచి రోసి, జీతము హెచ్చించెద మనినను విడిచిపెట్టెను. వేఱొక కొఠీవారు జపానులో గంప్రదోరు పని యీఁజూపఁగా, ఆదాయమెంతయున్నను అది సేవకవృత్తి యనియు, తాను జదివిన కళాశాల పేరునకుఁ దలవంపులనియుఁ ద్రోసిపుచ్చెను. ఒకే బడిలోఁ జదివిన తాంగ్ యాపనినే గైకొని దానినుండి దేశమునకు నోడలను గనులను సాధించెను. ఇద్దఱిలో నెవరు సరియైనవారని నిర్ణయించుట సులభము కాదు. యుంగ్ వింగ్‌కు యేలులో నబ్బిన యభిమానము లేకున్నచో, వేలమునందుఁ దన జడకు దూదియుండలు గట్టి యవమానించి, విప్పుమన్నందుకు మీఁదఁ జేయిచేసికొనిన స్కాచిదొరకు బదులు దెబ్బ యిచ్చియుండఁడు. నాఁటి షాంఘాయిలో నది యపూర్వము. తాంగ్‌కుఁ గంప్రదోరు లోకమునందలి పరిచయము లేకున్నచో నాతని యాఱు సంపుటములు వెలువడియుండవు.

యుంగ్ వింగ్ చిరకాలము తలపోసిన యుద్దేశము 1872లో నెఱవేఱెను. రాజకీయ వ్యయమున నేఁటికి ముప్పదిమంది చొప్పున నాలుగు తడవలుగా 120 మంది బాలురు అమెరికాకుఁ బంపఁబడిరి. వారు కనెక్టికటు, మాసచూసెట్సు సీమలలో గృహస్థుల యిండ్లలో నుండి, పొత్తములలోఁ జెప్పని నుడికారమును భోజనపు బల్లలకడను ఆటలయందును నేర్చిరి. వారు స్వధర్మమును మఱచుచున్నారని పైవారు కోపించిరి. అమెరికావారు సైనికకళాశాలలలోఁ జేర్చుకొనమనిరి. 1881లోఁ జదువు ముగియకుండఁగనే వారిలో నధికసంఖ్యాకులు వెనుకకుఁ బిలువఁబడిరి. ఆయేఁడే యేలులోఁ బట్టమంది తిరిగివచ్చిన జాన్ తియెన్‌యౌ 1905 మొదలు 1909 వఱకుఁ బెకింగునుండి కల్గానునకు నినుపదారి వేయించెను.

బేరపుటింగ్లీషు షాంఘాయిలో యాంగ్-కింగ్-పాంగ్ అను కాలువ పేరుతోఁ బిలువఁబడెను. ఆకాలువ యింగ్లీషువారి పేటకును ఫ్రెంచివారి పేటకును సరిహద్దు. 1914, 1915 సంవత్సరములలో దానిని బూడ్చి వీథిగాఁ జేసిరి. కాలువ పోయినను సంకరభాషకుఁ జైనావా రాపేరే పెట్టి పిలుచుచున్నారు. చదువుకొనిన చైనావారు శుద్ధమైన యింగ్లీషు నలవఱచుకొనిన కొలఁది నాభాష యిరువదవ శతాబ్దమున నంతరించెను. అమెరికావాఁడగు లేలండు 1876లో దానిని బరిహసించుచు వ్రాసిన పాటలపుస్తకము కొంతకాలము నవ్వించెను. ఆ పరిహాస్యభాషలోని మాటలే, నో క్యాన్ డూ యనియు, లుక్-సీ యనియు, చాప్-చాప్ అనియు, ఇంగ్లీషువారి నోట నేఁటికిని నిలిచియున్నవి. పని యను నర్థమునఁ గాంటనువారు వాడిన పిజిన్ కూడ నింగ్లండు చేరెను. అచ్చటివారు దాని మూలము నెఱుఁగక, తమ భాషలోఁ బావురమునకుఁ గల పిజన్ అను మాటగాఁ దలంచి యట్లే వ్రాయఁజొచ్చిరి. తనకు సంబంధింపని పనిని గుఱించి యింగ్లీషువాఁడు అది నా పావురము కాదనును. ఇంగ్లీషు నేర్చుకొనుటకు లండను పోయిన విదేశీయవిద్యార్థి యావాక్యమును విని పక్షి కొఱకు వెదకుచుండును.